సంక్రాంతి తర్వాత కూడా చెరువుల నీటిమట్టం అచ్చువేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

వానకాలం మొదలైతే మీ పత్రిక జిల్లా పేజీలో రోజూ ఒక చిన్న పట్టిక వస్తుంది. శ్రీశైలం జలాశయంలో పూర్తిస్థాయి మట్టం 885 అడుగులకు గాను ఈరోజు ఎంత ఉంది, సుంకేసుల దగ్గర తుంగభద్రలో ఎన్ని క్యూసెక్కులు పారుతున్నాయి, గాజులదిన్నెలో నిల్వ ఎంతకు చేరింది అనే వివరాలు అందులో ఉంటాయి. మాలాంటి పాఠకులం మొదటి పేజీ వార్తల కంటే ముందు ఆ పట్టికే చూస్తాం. సంక్రాంతి వెళ్ళాక అది రోజు విడిచి రోజు, తర్వాత ఎప్పుడో ఒకసారి కనిపించి, మహాశివరాత్రి నాటికి పూర్తిగా మాయమవుతుంది. వరద ఆగింది గనుక వార్త కూడా ఆగిందని అనుకుంటారు కాబోలు. చేపల వేట మీద బతికేవారికీ, సరదాకు గాలం పట్టేవారికీ మాత్రం నీరు పెరిగే రోజుల కంటే తరిగే రోజుల లెక్కే ఎక్కువ అవసరం. ఎందుకు అవసరమో, అది తెలియక మన చెరువుల్లో ఏటా ఏం జరుగుతోందో వివరించి, ఆ పట్టికను జూన్ దాకా కొనసాగించమని కోరడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను వల వేసి బతికే ఇంట్లో పుట్టినవాణ్ణి కాను. కర్నూలులో ఉంటూ, ఉద్యోగ విరమణ తర్వాత తీరిక దొరికిన ఉదయాల్లో గాజులదిన్నె కట్ట దిగువనో, సుంకేసుల ఎగువ ఒడ్డునో గాలం వేసుకుని కూర్చునేవాణ్ణి. అనంతపురం, కడప వైపు బంధువులు ఉండటం వల్ల పెన్న అహోబిలం, మైలవరం, బ్రహ్మంసాగర్ నీళ్ళతో కూడా కొంత పరిచయం ఉంది. ఇందులో సగం సంగతులు బెస్తవారి పక్కన కూర్చుని విన్నవి, విన్న తర్వాత ఒడ్డున సరిచూసుకున్నవి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి శ్రీశైలం నంద్యాలకు, బుక్కపట్నం శ్రీ సత్యసాయి జిల్లాకు వెళ్ళినా కాలువలు పాత దారిలోనే పారుతున్నాయి కాబట్టి, ఉమ్మడి జిల్లాల లెక్కలోనే మాట్లాడతాను.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మనవాళ్ళు అంటారు. గాలికి సంబంధించినంతవరకు ఆ మాట నిజమే గానీ నీటికి ఆ లెక్క పూర్తిగా వర్తించదు. మాఘమాసంలో తెల్లవారుజామున మన చెరువుల్లో నీరు సుమారు 20 నుంచి 22 డిగ్రీల దగ్గర ఉంటుంది. మధ్యాహ్నానికి మోకాటి లోతు ఉన్న ఒడ్డు నీరు 27, 28 డిగ్రీలకు ఎక్కుతుంది. తూము దగ్గర నిలువు లోతున్న చోట మాత్రం పొద్దుటి చల్లదనమే సాయంత్రం దాకా నిలుస్తుంది. బొచ్చె (కట్ల), రాగండి (రోహు), మోసు (మ్రిగాల్) వంటి మన చేపలకు 25 నుంచి 30 డిగ్రీల మధ్య ఆకలి బాగా ఉంటుంది, 20కి దిగితే మందగిస్తుంది. కాబట్టి పుష్యమాసమంతా లోతులో సోమరిగా పడి ఉన్న చేప, మాఘం రెండో పక్షం నుంచి రోజూ పొద్దెక్కాక ఒడ్డుకు వచ్చి, చీకటి పడ్డాక లోతుకు దిగడం మొదలుపెడుతుంది. కార్తీకంలో మాదిరిగా కోడికూతకే గాలం వేసి కూర్చుంటే ఈ రోజుల్లో రెండు గంటలు వృథా అవుతాయి. పొద్దున తొమ్మిదిన్నర, పది తర్వాత ఒడ్డు నీరు చేతికి వెచ్చగా తగిలినప్పుడు మొదలుపెట్టడం మేలు.

అయితే ఆ ఒడ్డు ఎక్కడ ఉంది అన్నదే అసలు ప్రశ్న. యాసంగి పైర్లకు కాలువ వదిలిన చెరువులో ఒడ్డు వారం వారం జరుగుతూ ఉంటుంది. మన చెరువుల గర్భం చాలావరకు పళ్ళెంలా పరచుకుని ఉంటుంది కాబట్టి మట్టం ఒక్క అడుగు తగ్గితే నీటి అంచు ఎంతో దూరం వెనక్కి పోతుంది. నీరు దిగుతున్నంత సేపు చేప ఒడ్డును నమ్మదు. వెచ్చగా ఉన్నా, మేత ఉన్నా లోతువైపే జరుగుతుంది. తూము మూసి మూడు నాలుగు రోజులు మట్టం కదలకుండా నిలిస్తే మళ్ళీ ధైర్యం చేసి పైకి వస్తుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే వేటలో సగం తెలిసినట్టే. తూము ఎప్పుడు మూశారో, ఎప్పుడు తెరుస్తారో ఊరి నీరటికి తెలుసు, నీటిపారుదల శాఖ ఇంజనీరుకు తెలుసు. పదిహేను మైళ్ళ అవతలి నుంచి బస్సెక్కి వచ్చే వలగాడికి తెలియదు. రాత్రి ఒడ్డు వెంబడి దించిన వల తెల్లారేసరికి బురద మీద ఆరి ఉండటం నేను చూశాను. వలలో పడిన చేపలను కుక్కలు అప్పటికే లాగేశాయి. ఆ మనిషి వల దులుపుతూ ఎవరినీ తిట్టలేదు, ఎందుకంటే తిట్టడానికి అక్కడ ఎవరూ లేరు.

కాలువకు వదలడం వల్ల నీరు తగ్గడం ఒక్కటే అయితే అదైనా ఒక లెక్కకు దొరుకుతుంది. కొన్నిచోట్ల ఇదే కాలంలో నీరు పెరుగుతుంది. మాల్యాల దగ్గర శ్రీశైలం వెనుకజలాల నుంచి ఎత్తిపోసే హంద్రీ-నీవా నీరు పత్తికొండ మీదుగా అనంతపురం జిల్లా జీడిపల్లి దాకా పోతుంది. ఎత్తిపోతల మోటార్లు ఎన్ని తిరుగుతున్నాయన్న దాన్ని బట్టి ఆ దారిలోని జలాశయాల మట్టం మారుతుంది. గండికోట నుంచి పైడిపాళెం, చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయర్లకు నీరు ఎత్తిపోసినప్పుడు ఒకచోట దిగి ఇంకోచోట ఎక్కుతుంది. కొత్త నీరు వచ్చి పడే కాలువ మొగ దగ్గర ప్రవాహానికి ఎదురు నిలబడటం చేప స్వభావం. కొట్టుకొచ్చే పురుగూ పుట్రా దానికి మేత, కదిలే నీటిలో ప్రాణవాయువు కూడా ఎక్కువ. మోటార్లు వేసిన మరుసటి రోజు ఆ మొగ దగ్గర మోసు, రాగండి గాలానికి పడ్డట్టు చెరువు నడుమ ఎక్కడా పడవు. ఈ కబురు ముందుగా తెలిసినవాడు బుట్ట నింపుకుంటాడు, తెలియనివాడు పాత చోటే కూర్చుని నీటిపై తేలే బెండు వైపు చూస్తూ ఉంటాడు.

గాలం సంగతి వచ్చింది గనుక దాని గురించి కొంచెం వివరంగా చెప్పనివ్వండి. వరద రోజుల్లో తుంగభద్ర నీరు ఎర్రగా మడ్డిగా ఉంటుంది, దారం ఎంత లావైనా చేపకు కనపడదు. మాఘానికి ఆ మడ్డి అంతా అడుగుకు చేరి నీరు తేటపడుతుంది. అప్పుడు అదే లావు దారం వాడితే చేప ఎర దాకా వచ్చి వెనక్కి తిరుగుతుంది. సన్నటి దారం, చిన్న గాలం, జొన్నగింజంత సీసపు గుండు చాలు. బెండు విషయంలో జీలుగ బెండుకు సాటి ఇప్పటికీ దుకాణాల్లో దొరకలేదనే నా అభిప్రాయం. రంగు రంగుల ప్లాస్టిక్ బెండ్లు చూడటానికి బాగుంటాయి గానీ మాఘంలో చేప ముట్టుకున్న సంగతి వాటికి తెలియదు. చల్లటి నీటిలో బంగారుతీగ (కామన్ కార్ప్) చేప ఎరను గుంజదు. నోట్లోకి పీల్చి, రుచి చూసి, ఉమ్మేస్తుంది. సీసం నేలకు ఆనేట్టు కట్టిన గాలంలో ఆ క్షణాన బెండు మునగదు, పైకి లేచి పక్కకు వాలుతుంది, ఎందుకంటే చేప ఎరతోపాటు సీసాన్ని కూడా ఎత్తుతోంది. బెండు మునిగేదాకా ఆగేవాళ్ళు ఈ కాలంలో ఉత్త చేతులతో ఇంటికి పోతారు. వాలిన క్షణమే మణికట్టుతో చిన్నగా ఎగరేయాలి.

ఎర విషయంలో మన ప్రాంతానికి ఒక సౌకర్యం ఉంది. గానుగల దగ్గర దొరికే చెనిక్కాయ చెక్కను పొడి చేసి, గోధుమపిండిలో కలిపి, కాసింత బెల్లం నీళ్ళతో పిసికితే బంగారుతీగకూ మోసుకూ అంతకంటే మంచి ఎర లేదు. ఎండాకాలంలో ముద్ద గట్టిగా ఉండాలి, లేకపోతే చిన్న పరిగెలు క్షణంలో పీకేస్తాయి. చలిలో మాత్రం మెత్తగా, నీటిలో మెల్లగా కరిగేట్టు ఉంచాలి; చల్లటి నీటిలో వాసన త్వరగా పాకదు కాబట్టి కరిగే ముద్దే చేపను పిలవాలి. కాస్త తవుడు, కాస్త చెక్క కలిపి చోటు చూసి ముందుగా చల్లడం మంచిదే, అయితే గుప్పెడు చాలు. అరగంపలు చల్లేవాళ్ళను చూశాను. ఆకలి తక్కువగా ఉన్న చేపకు ఊరికే దొరికే మేతతో కడుపు నిండితే గాలం దగ్గరికి ఎందుకు వస్తుంది?

బొచ్చె దారి వేరు. అది నీటి పై పొరలో తేలాడే సూక్ష్మజీవులను తినే చేప, రాగండి నడుమ పొరలో, మోసు, బంగారుతీగ అడుగున మేస్తాయి. మధ్యాహ్నం నుంచి గాలి ఏ గట్టుకు కొడుతుందో ఆ గట్టుకు పైనున్న వెచ్చటి నీరూ, దానితోపాటు బొచ్చె మేతా చేరుతాయి. అలలు తాకే గట్టు కూర్చోవడానికి ఇబ్బందిగా ఉంటుంది కనుక గాలం వేసేవారు సాధారణంగా గాలి మరుగున ఉండే గట్టునే ఎంచుకుంటారు. చేప మాత్రం వాళ్ళకు ఎదుటి గట్టున ఉంటుంది. కొరమీను మరో రకం. అది ఊపిరి కోసం పైకి వచ్చి గాలి పీల్చుకునే చేప, కలుపు మొక్కల నడుమ కదలకుండా ఉంటుంది, ఎండ నెత్తిమీదికి వచ్చి కలుపులో నీరు కాగాకే కదులుతుంది. దానికి చిన్న కప్పపిల్లో, బతికున్న పరిగో ఎరగా వేసి కలుపు అంచున నెమ్మదిగా ఆడించాలి.

పోరుమామిళ్ళ చెరువు కట్ట దగ్గర 1369 నాటి శాసనం ఉంది. విజయనగర రాకుమారుడు భాస్కర భవదూరుడు ఆ చెరువు కట్టించినప్పుడు వేయించిన ఆ శాసనంలో చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలనూ, ఉండకూడని ఆరు దోషాలనూ చెప్పారు. చెరువు నడుమ నేల ఎత్తుగా ఉండటం ఆ దోషాల్లో ఒకటి. రైతుకు అది దోషమే, ఎందుకంటే దిబ్బ ఎంత ఉంటే అంత నీరు తక్కువ పడుతుంది. గాలం వేసేవాడికి మాత్రం అది వరమనే చెప్పాలి. చలి వెనకబడే రోజుల్లో నడి చెరువులో ఉన్న దిబ్బ మీద నీరు ఒడ్డు నీటిలాగే త్వరగా వెచ్చబడుతుంది, పక్కనే లోతు ఉంటుంది, మనుషుల అలికిడి ఉండదు. పొద్దెక్కాక చేపలు ముందు ఆ దిబ్బ మీదికే వస్తాయి. ఆ దిబ్బ నీటి కింద ఎన్ని అడుగుల్లో ఉందో తెలియాలన్నా మళ్ళీ మట్టం లెక్కే కావాలి.

ఇక వలల సంగతి. ఇదే నా ఉత్తరంలో ముఖ్యమైన భాగం, ఎందుకంటే గాలం వేసేవారు పట్టే చేప ఎంత, వలల్లో పోయేది ఎంత?

మన సీమ చెరువుల్లో మరబోట్లు లేవు. కృష్ణ, తుంగభద్రల్లో పుట్టి (గుండ్రటి బుట్ట పడవ), చిన్న చెరువుల్లో థర్మోకోల్ తెప్ప వాడతారు. రెండు దళసరి థర్మోకోల్ పలకలను ఎరువుల సంచుల్లో దోపి, నైలాను తాడుతో బిగించి కడతారు. మనిషి దాని మీద మోకాళ్ళు మడిచి కూర్చుని, రెండు చేతులకూ రెండు చిన్న చెక్కలు పట్టి నీటిని వెనక్కి తోస్తూ పోతాడు. వల తొడ మీద కుప్పగా ఉంటుంది. పై తాడుకు ఖాళీ నీళ్ళ సీసాలు, కింది తాడుకు గుడ్డలో మూటగట్టిన గులకరాళ్ళు. గాలి లేని సాయంత్రం ఒక్కో మూర వదులుతూ పోతే చప్పుడే వినిపించదు. తుమ్మచెట్ల మోడులు ఎక్కడెక్కడ మునిగి ఉన్నాయో అతనికి గుర్తుండాలి. చెరువు గర్భంలో ఒకప్పుడు నాటిన తుమ్మలకు ఒకసారి వల చిక్కుకుంటే దాన్ని విడదీయడం కంటే కోయడమే సులువు. మట్టం తగ్గేకొద్దీ నిన్నటిదాకా లోతులో ఉన్న మోడు ఈరోజు వల ఎత్తుకు వస్తుంది. ఒక వల ఖరీదు వారాల సంపాదన అని గుర్తుంచుకుంటే, నీటిమట్టం తెలియడం ఆ మనిషికి ఎంత విలువైన సమాచారమో అర్థమవుతుంది.

నీరు తేటపడిన ఈ రోజుల్లో వెన్నెల రాత్రి వల వేస్తే చేపకు వల కనిపిస్తుంది, అందుకే అమావాస్యకు అటూ ఇటూ ఉన్న చీకటి రాత్రుల్లోనే వేట బాగుంటుంది. పుష్యంలో రాత్రి వలలో పడిన చేప పొద్దున ఎనిమిదింటికి తీసినా గట్టిగా ఉంటుంది. ఫాల్గుణం వచ్చేసరికి వేకువనే తీయకపోతే వలలోనే మెత్తబడి, సంతలో సగం ధరకు కూడా పోదు. ఇవన్నీ వలగాళ్ళకు పుట్టుకతో తెలిసినవే, కొత్తగా నేను చెప్పేదేమీ లేదు. వారికి తెలిసి కూడా చేయక తప్పని తప్పు ఒకటుంది, దానికే పత్రిక సాయం కావాలి.

మన చెరువుల్లో బొచ్చె, రాగండి, మోసు వాటంతట అవి పెరిగే జాతులు కావు. అవి వానకాలంలో పారే వరద నీటిలోనే గుడ్లు పెడతాయి, నిలిచిన నీటిలో పెట్టవు. అందుకే చెరువు నిండాక, సాధారణంగా ఆగస్టు నుంచి అక్టోబరు మధ్యలో, వేలి పొడవు పిల్లలను తెచ్చి వదులుతారు. ఆ పిల్లకు మాఘానికి ఐదారు నెలల వయసు. మేత బాగున్న చెరువులో అది అరకిలోకు అటూ ఇటూ ఉంటుంది. చలిలో ఎదుగుదల ఆగి ఉంటుంది గనుక ఇప్పుడు నీరు వెచ్చబడే ఈ నెలల్లోనే అది గబగబా బరువెక్కాలి. మే దాకా నిలిస్తే అదే చేప కిలో దగ్గరకు పోతుంది. ఇంకో మాటలో చెప్పాలంటే ఏడాది పెట్టిన పెట్టుబడికి లాభం వచ్చేది ఈ మూడు నెలల్లోనే. సరిగ్గా ఈ సమయంలో నీరు ఎంత కాలం నిలుస్తుందో తెలియని మత్స్యకారుల సంఘాలు భయపడి చిన్నకన్ను వలలు దించుతాయి. ఫసలీ (జూలైలో మొదలయ్యే రెవెన్యూ ఏడాది) లెక్కన జూన్ ఆఖరుకు గడువు తీరే చెరువు కౌలు ఒకవైపు తరుముతుంటే, ఎప్పుడు ఎండిపోతుందో తెలియని చెరువు మరోవైపు తరుముతుంటుంది. అరకిలో చేప అమ్మిన ధరకూ, కిలో చేప అమ్మిన ధరకూ బరువు లెక్కలోనే కాదు, కిలోకు పలికే ధరలో కూడా తేడా ఉంటుంది. వారానికి ఎన్ని అంగుళాలు తగ్గుతోందో, కాలువ ఎప్పటిదాకా వదులుతారో అచ్చులో కనిపిస్తే, ఈ చెరువు ఏప్రిల్ దాకా నిలుస్తుందనో, మార్చికే పట్టేయాలనో కూర్చుని లెక్క వేసుకునే వీలుంటుంది. పెద్దకన్ను వలతో ఎదిగినవాటిని మాత్రం తీసుకుని మిగతావాటిని వదిలే ఓర్పు ఎవరికైనా అప్పుడే వస్తుంది.

బంగారుతీగ మాత్రం మిగతావాటిలా కాదు. అది నిలిచిన నీటిలోనే గుడ్లు పెడుతుంది, అదీ ఏడాదికి రెండుసార్లు, మొదటిసారి సరిగ్గా ఈ చలి వెనకబడే కాలంలోనే. ఒడ్డు పక్కన నాచు, కలుపు మొక్కల ఆకులకు దాని గుడ్లు అంటుకుని ఉంటాయి, రెండు మూడు రోజుల్లో పిల్లలవుతాయి. ఆ రెండు మూడు రోజుల్లో తూము తెరిచి మట్టం అరడుగు దించితే కలుపంతా గట్టున పడి ఎండిపోతుంది, గుడ్లూ దానితోపాటే పోతాయి. రైతుకు నీరు ఇవ్వవద్దని ఎవరూ అనరు, అనకూడదు కూడా. పైరుకు ఎలాగూ వంతుల వారీగానే నీరు ఇస్తున్నారు కనుక, ఆ వంతులు ముందుగా తెలిస్తే కనీసం కలుపు అంచున వలలు లాగి గుడ్లున్న తల్లులను పట్టకుండా సంఘమే జాగ్రత్తపడవచ్చు.

మట్టం బాగా తగ్గిన చెరువులో ఇంకో చిక్కు మొదలవుతుంది. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగుతుంది, 30 డిగ్రీలకు అది ఏడున్నరకు తగ్గుతుంది. పైగా నీరు పచ్చబడితే అందులోని నాచు పగలు ప్రాణవాయువు ఇస్తుంది, రాత్రి తానే తీసుకుంటుంది. కనుక తెల్లవారుజామున చెరువులో అది అన్నిటికంటే తక్కువ. రెండు రోజులు మబ్బు పట్టి ఎండ రాకపోతే మూడో రోజు వేకువన చేపలు నోళ్ళు తెరిచి పైకి తేలుతాయి. చేపలు పొంగుతున్నాయని సంబరపడి గాలాలు తెచ్చేవాళ్ళున్నారు. ఊపిరాడని చేప ఎర ముట్టదు, ఆరోజు గాలం దండగ. అలాంటి వేకువలో చేయవలసిన పని, వీలుంటే మోటారుతో చెరువు నీటినే తోడి మళ్ళీ చెరువులోకే చిమ్మడం, లేదా తెప్పతో నీటిని కలియబెట్టడం. ఎండ వచ్చాక పరిస్థితి కుదుటపడుతుంది.

ఆఖరున మిగిలే నీటి గురించి మాత్రం కొంచెం కటువుగానే రాయాలి. తూము గడప కింద నిలిచే నీరు కాలువకు ఎక్కదు, ఏ పైరుకూ పోదు. అందులో పరిగెలు, జెల్లలు, మార్పులు, ఇంగిలాయిలు, కొరమీనులు అనే చేపలు తలదాచుకుంటాయి. ఎవరూ డబ్బు పెట్టి వదలని ఈ నాటు చేపలే మళ్ళీ వానకు చెరువంతా నిండేవి. కొన్నిచోట్ల ఆయిల్ ఇంజన్లు పెట్టి ఆ కొంచెం నీటినీ తోడేసి బురదలో చేతులతో ఏరుకుంటున్నారు. ఇంకొన్నిచోట్ల అంత శ్రమ కూడా పడకుండా పురుగుమందు కలుపుతున్నారు, మందుగుండు పేలుస్తున్నారు. నీటిలో విషం కలిపి, మందుగుండు పేల్చి చేపలు పట్టడం 1897 నాటి భారత మత్స్య చట్టం నుంచే నేరం. అదే నీటిని గొర్రెలు, గేదెలు తాగుతాయన్న సంగతి వేరే చెప్పాలా? గడప మట్టం అంకె పట్టికలో పక్కనే ఉంటే, నీరు ఆ అంకెకు చేరిన రోజు నుంచి ఆ చెరువు మీద కన్నేసి ఉంచమని మత్స్యశాఖ వారినీ గ్రామస్థులనూ అడగడానికి ఒక ఆధారం దొరుకుతుంది.

ప్రాణాల సంగతి కూడా ఇందులో ఉంది. మన నల్లరేగడి చెరువుల్లో నీరు వెనక్కి పోయిన చోట రెండు రోజుల ఎండకే పైన పెచ్చు కట్టి పగుళ్ళు వస్తాయి, చూడటానికి గట్టి నేలలాగే ఉంటుంది. కాలు వేస్తే మోకాటి దాకా, నడుము దాకా దిగుతుంది. పాతవాళ్ళు థర్మోకోల్ పలకను ముందు పరుచుకుంటూ దాని మీద పాకుతూ నీటిదాకా పోతారు. సెలవు రోజు సరదాకు వచ్చిన పిల్లలకు ఆ తెలివి ఉండదు. వారం రోజుల్లో రెండు మూడు అడుగులు తగ్గిన చెరువు ఒడ్డు ఎంత కొత్తదైతే అంత ప్రమాదకరం. తుంగభద్ర, శ్రీశైలం వెనుకజలాల్లో ఈ నెలల్లో మొసళ్ళు ఎండకు ఒడ్డున పడుకుంటాయి, ఇసుక దిబ్బల్లో గుడ్లు పెట్టే కాలం కూడా ఇదే. నీరు దిగి కొత్త ఇసుక దిబ్బలు బయటపడ్డాయని తెలిస్తే ఆ పక్క పుట్టి కట్టేవాళ్ళు జాగ్రత్తపడతారు. ఉత్తరాంధ్ర నుంచి కుటుంబాలతో వచ్చి నల్లమల ఒడ్డున గుడిసెలు వేసుకుని వేట చేసుకునేవారికి ఈ ప్రాంతపు నేల గుణం చెప్పేవారు కూడా ఉండరు.

నీటిమట్టం పత్రికలో లేకపోయినా గుర్తులు పట్టవచ్చని కొందరు అంటారు, అది కొంతవరకు నిజం. సంగమేశ్వరం గుడి శిఖరం కనబడిందంటే శ్రీశైలంలో నీరు ఎంత దిగిందో అంచనా దొరుకుతుంది. చిలమత్తూరు మండలం వీరాపురానికి ఏటా వచ్చే ఎర్రకాళ్ళ కొంగలు చుట్టుపక్కల చెరువుల్లో ఎక్కడ బారులు తీరి నిలబడితే అక్కడ నీరు మోకాటికి లోపు, చిన్న చేప దండిగా ఉందని అర్థం. ఇలాంటి గుర్తులు ఎదురుగా ఉన్నవారికి పనికొస్తాయి. కర్నూలు నుంచి, తాడిపత్రి నుంచి బయలుదేరే ముందు ఇంట్లో కూర్చుని కొంగలను లెక్కపెట్టలేము కదా.

అందువల్ల నా విన్నపం ఇది. సంక్రాంతి తర్వాత రోజూ అచ్చువేయనక్కరలేదు, సోమవారం సంచికలో ఒక్కసారి వేసినా సరిపోతుంది. అందులో టీఎంసీలు మాత్రమే కాకుండా అడుగుల్లో మట్టం, గడిచిన వారంలో తగ్గింది ఎంత, వచ్చే వారం కాలువకు నీరు వదులుతారా లేదా అన్న మూడు వివరాలు ఉండాలి. ఎందుకంటే టీఎంసీ ఇంజనీరుకు అర్థమయ్యే లెక్క, ఒడ్డున నిలబడ్డవాడికి అడుగూ అంగుళమే తెలుస్తాయి. పెద్ద జలాశయాల్లో గేజి చదివి పుస్తకంలో రాసే పని ఎలాగూ జరుగుతోంది కాబట్టి మీ విలేకరులకు కొత్త భారం పడదు. సింగనమల, బుక్కపట్నం, పోరుమామిళ్ళ వంటి పెద్ద చెరువుల లెక్క కొంచెం శ్రమతో తూముల దగ్గర నుంచి తెప్పించుకోవచ్చు. వీలైతే మత్స్యశాఖ వారిని అడిగి పొద్దుటి నీటి ఉష్ణోగ్రత కూడా చేర్చండి. ఈ ఏడాది అన్నిటికీ కుదరకపోతే గాజులదిన్నె, సుంకేసుల, పెన్న అహోబిలం, మైలవరం నాలుగింటితో మొదలుపెట్టండి; మిగతావి వచ్చే ఏడాది చూసుకోవచ్చు.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు,
కర్నూలు.